జయపురంలో గాలిసంచి

జయపురం లాడ్జి గుమ్మంలో
నా భుజాల మీద నాలుగు బంగారు గీతలు చూసి
పెళ్ళివారి పెద్దాయనొకడు
సూట్‌కేసు చేతికందించాడు.
"నూటాఆరు, పదవయ్యా."
మోశాను.
మెట్లెక్కుతూ లెక్కేసుకున్నాను:
ఈ మధ్య నా చేతులు
ఇంతకన్నా బరువైనది దేన్నీ లేపలేదు.

పదిహేడేళ్ళు పెద్ద విమానం తోలాను.
తోలాననే అంటాను గానీ,
సంత నుంచి వస్తూ బండిలో నిద్రపోయిన రైతు
ఇల్లు చేరలేదా?
ఎడ్లకు దారి తెలుసు.

చక్రాలు నేల వదిలాక రెండు నిమిషాలు,
మళ్ళీ నేల తగిలేముందు మూడు,
అంతే నా వంతు.
మిగతాదంతా అంకెలు తిప్పడం,
పైకి చదవడం, చెక్ అనడం,
కాఫీ చల్లారేలోగా తాగడం.
చేత్తో తోలిన రోజున
ఎందుకు తోలావని ఆఫీసు నుంచి ఉత్తరం.
లాగ్‌బుక్కులో పన్నెండు వేల గంటలు.
ఆ పుస్తకం అబద్ధమాడదు.
నిజమూ చెప్పదు.

నేర్పిన బెహరా గారు
పరికరాల మీద తువ్వాలు కప్పేసేవారు.
"కళ్ళతో కాదురా, వెన్నుపూసతో విను.
కుర్చీ అడుగునుంచి మాట్లాడుతుందది."
ఆయన బజారుకొస్తే
కిళ్ళీకొట్టు వాళ్ళు కూడా లేచి నిలబడేవారు.
ఆయన పోయారు.
తువ్వాలు ఎవరింట్లో ఉందో.

నా కంపెనీ మూతపడింది.
ఇప్పుడు ఒంటి ఇంజను, తొమ్మిది సీట్లు,
విశాఖలో పొద్దున్నే ఇడ్లీ, జయపురంలో పది గంటల టీ.
ఇక్కడ రన్‌వే చివరిదాకా తీసుకొచ్చి దింపే
యంత్రమేదీ లేదు.
కొండలున్నాయి. ఆవులున్నాయి.

ఇవాళ దేవమాలి మీద మబ్బు కూర్చుంది.
దాని కిందకి జారాను.
కుడినుంచి గాలి ఒక్క తోపు తోసింది.
నా చేతులు ఆగాయి.
భయపడి కాదు,
ఎవరో చూసుకుంటారన్నట్టు ఆగాయి.
ఒక్క సెకను. ఆ సెకనులో
కొలాబు నది ఉండాల్సిన చోట లేదు.
"సార్, గో అరౌండ్" అంది పక్కసీట్లో సుహాసిని పాణిగ్రాహి,
ఇరవై నాలుగేళ్ళ పిల్ల,
మూడు వందల గంటలు, అందులో సగం
గదిలో కదలని విమానంలో.
రెండోసారి దిగాం, వంకరగా,
రెండు దూకులు దూకి.
చింతపండు వ్యాపారి దిగుతూ అన్నాడు:
"ఘాట్ రోడ్డు కన్నా నయమే."

బోనెల గంగయ్య
రన్‌వే మీద ఆవుల్ని తోలతాడు,
చిరిగినప్పుడు గాలిసంచి కుడతాడు.
"బాబూ, ఆ ఊరి పొయ్యిల పొగ
కొండకేసి మళ్ళిందంటే
పావుగంటలో గాలి ఇటు తిరుగుద్ది.
రేడియో బాబుకి సెప్పినాను.
సిరునవ్వు నవ్వినాడు."
సూది నోట్లో తడి చేసి దారం ఎక్కించాడు.
"నెలాకరికి మిషనొత్తదంట.
అదే సూసి, అదే సెప్పేత్తదంట.
మీకూ ఒచ్చిందంట గదా?"

"ఎప్పుడో వచ్చింది గంగయ్యా."

"మరి మీరింకా ఉన్నారే?"

జవాబు వెతుక్కుంటుంటే
"సరే, ఇది పట్టుకోండి" అని
నారింజరంగు గుడ్డ మూతి ఇచ్చాడు.
పట్టుకున్నాను.
గాలి నిండింది.
మణికట్టు దగ్గర మొదలై
మోచేయి దాటి, భుజం దాటి,
బంగారు గీతల కిందుగా
వీపులోకి ఏదో దిగింది.
ఎన్నాళ్ళయిందో.

సుహాసిని వచ్చి నిలబడింది.
"సార్, నేను పట్టుకోవచ్చా?"
ఇచ్చాను.
"గట్టిగా లాగుతుంది, జాగ్రత్త" అన్నాను.
ఆమె వినలేదు.

వింటోంది.
నన్ను కాదు.